స్కూబాకి వెళ్తున్నారా? ముందు చెవుల సంగతి చూసుకోండి

ఈమధ్య మనవాళ్ళ అండమాన్ ప్రయాణాల్లో స్కూబా తప్పనిసరి అయిపోయింది. హైదరాబాద్ నుంచీ విశాఖ నుంచీ కుటుంబాలకు కుటుంబాలే స్వరాజ్ ద్వీప్ వెళ్తున్నాయి. దాని పాత పేరు హేవ్‌లాక్ అంటేనే ఇప్పటికీ చాలామందికి తెలుస్తుంది. కొందరు మురుడేశ్వర్ దగ్గరి నేత్రాని దీవికి వెళ్తారు, ఇంకొందరు మన ఋషికొండలోనే దిగుతారు. వెళ్ళేముందు అందరూ అడిగేవి మూడే ప్రశ్నలు: ఈత రాకపోతే ఎలా, షార్కులుంటాయా, వీడియో ఎవరు తీస్తారు? చెవుల గురించి అడిగేవాళ్ళు అరుదు. తీరా నీళ్ళల్లోకి దిగి రెండు మీటర్లయినా వెళ్ళకముందే చెవి పోటు మొదలవుతుంది. కొందరు అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేస్తారు. వాళ్ళకు నష్టమేమీ లేదు. డబ్బులు కట్టాం కదా అని పళ్ళ బిగువున ఓర్చుకుని దిగేవాళ్ళ గురించే నా బెంగ. డైవింగ్‌లో తగిలే దెబ్బల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఈ చెవి దెబ్బే. ఇంట్లో కాస్త తయారీ, నీళ్ళల్లో కాస్త నిదానం ఉంటే అందులో చాలావరకు తప్పించుకోవచ్చు.

చిట్కాలకు ముందు చెవి లోపలి సంగతి రెండు ముక్కల్లో. కర్ణభేరి వెనక గాలి నిండిన చిన్న గది ఉంటుంది. ఆ గదికి ఉన్న దారి ఒక్కటే, ముక్కు వెనక భాగంలోకి తెరుచుకునే సన్నని గొట్టం. 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు బార్తొలొమెయో యూస్టాకీ పేరు మీద దాన్ని యూస్టాచియన్ నాళం అంటారు. పెద్దవాళ్ళలో దాని పొడవు మూడున్నర సెంటీమీటర్లు. మామూలుగా మూసుకునే ఉంటుంది. గుటక వేసినప్పుడూ ఆవులించినప్పుడూ క్షణకాలం తెరుచుకుని మళ్ళీ మూసుకుంటుంది. నీళ్ళల్లోకి దిగుతున్నప్పుడు బయట ఒత్తిడి పెరిగి కర్ణభేరి లోపలికి నొక్కుకుపోతుంది. ఆ నాళం తెరిచి లోపలికి కాస్త గాలి పంపితే కర్ణభేరి తిరిగి తన చోటికి వస్తుంది. డైవర్లు ఈక్వలైజ్ చేయడం అనేది దీన్నే.

1. తిరుమల ఘాట్ రోడ్డు గుర్తు చేసుకోండి. కొండ దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేయడం మనందరికీ తెలిసిందే. తిరుమలకూ తిరుపతికీ మధ్య ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. అంత కొండ దిగితే గాలి ఒత్తిడిలో ఎంత తేడా వస్తుందో, సముద్రంలో ఒక్క మీటరు లోతుకు కూడా వెళ్ళకముందే అంత తేడా వచ్చేస్తుంది. బస్సులో అరగంటకు పైగా పట్టేది నీళ్ళల్లో రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. బస్సులో చెవికి సర్దుకునే సమయం ఉంటుంది, మాటల్లో పడి మనకు తెలియకుండానే నాలుగు గుటకలు వేస్తాం. నీళ్ళల్లో ఆ పని మనమే, తెలిసి, పనిగట్టుకుని చేయాలి.

ఇంకో లెక్క కూడా తెలుసుకుంటే మంచిది. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డు మీద ఉన్నదానికి రెట్టింపు. అంటే గాలి సగం చోటులోకి కుంచించుకుపోతుంది. అక్కణ్ణుంచి ఇరవై మీటర్లకు వెళ్తే సగం నుంచి మూడో వంతుకు తగ్గుతుంది, అంతే. చెవులకు అసలు పరీక్ష మొదటి పది మీటర్లలోనే ఉందన్నమాట. శిక్షణ లేని పర్యాటకులను 12 మీటర్లకు మించి తీసుకెళ్ళకూడదని పాడీ లాంటి డైవింగ్ సంస్థల నియమం. లోతు తక్కువే కదా, ఏం కాదులే అని చాలామంది అనుకుంటారు. చెవుల విషయంలో ఆ తక్కువ లోతే కష్టమైన చోటు.

2. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. ఈ వ్యాసంలో ఒక్క చిట్కానే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. కొత్తవాళ్ళు చేసేది ఒకటే: చెవి నొక్కేసినట్టు అనిపించేదాకా ఊరుకుంటారు, నొప్పి మొదలయ్యాక ముక్కు పట్టుకుని ఊదుతారు. అప్పటికే ఆలస్యమై ఉంటుంది. బయటి ఒత్తిడికీ లోపలి ఒత్తిడికీ తేడా ఒక హద్దు దాటితే నాళం మూతి గట్టిగా బిగిసిపోతుంది. ఆ హద్దు సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం, అంటే నీళ్ళల్లో ఒక మీటరు పైచిలుకు. దాన్ని దాటాక ఎంత ఊదినా నాళం తెరుచుకోదు, ఎంత గట్టిగా ఊదితే అంత ప్రమాదం.

అందుకని మొదటిసారి నీటి పైనే, తల మునగక ముందే చేయండి. మునగగానే ఇంకోసారి. అక్కణ్ణుంచి ప్రతి అర మీటరుకీ ఒకసారి. అయిదారు మీటర్లు దాటాక మీటరుకొకసారి చాలు. చెవిలో ఏమీ అనిపించకపోయినా చేయాల్సిందే. ఎక్కువసార్లు చేశామని ఎవరికీ చెవి పాడవదు, గట్టిగా చేస్తేనే పాడవుతుంది.

3. ఇంట్లో అద్దం ముందు సాధన చేయండి. ప్రయాణానికి రెండు వారాల ముందు మొదలుపెట్టి రోజుకు నాలుగైదుసార్లు చేస్తే చాలు. ముందు సులువైనది. ముక్కు రెండు వేళ్ళతో మూసి గుటక వేయండి. చెవిలో టిక్కుమని చిన్న చప్పుడు వినిపిస్తే నాళం తెరుచుకున్నట్టే. 19వ శతాబ్దంలో లండన్‌లో చెవి వైద్యుడిగా పేరు పొందిన జోసెఫ్ టోయిన్బీ పేరు మీద దీన్ని టోయిన్బీ పద్ధతి అంటారు.

తర్వాత వల్సాల్వా పద్ధతి. ముక్కు మూసి, నోరు మూసి, ముక్కులోంచి మెల్లగా గాలి వదులుతున్నట్టు చేయాలి. రెండు చెవుల్లోనూ కాస్త నిండినట్టు అనిపించగానే ఆపేయాలి. పర్యాటకులకు పడవ మీద నేర్పేది సాధారణంగా ఇదొక్కటే. ఆంటోనియో వల్సాల్వా అనే వైద్యుడు దీన్ని 1704లో తన గ్రంథంలో వివరించింది డైవర్ల కోసం కాదు, చెవిలోని చీము బయటకు రావడానికి.

ఇంట్లో, కుర్చీలో కూర్చుని, జలుబేమీ లేని రోజున కూడా ఈ రెండింటితోనూ ఒక చెవి అసలు తెరుచుకోకపోతే అది తెలుసుకోవలసిన విషయమే. టికెట్లు కొనకముందే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

4. నాలుకతో చేసే పద్ధతి నేర్చుకోండి. నా దృష్టిలో అన్నిటికన్నా మేలైనది ఇదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిట్టనిలువుగా కిందికి దూసుకొచ్చే విమానాలు నడిపే జర్మన్ పైలట్ల కోసం హెర్మన్ ఫ్రెంజెల్ అనే వైద్యుడు దీన్ని నేర్పాడు. వల్సాల్వాలో ఊపిరితిత్తులు, పొట్ట కండరాలు అన్నీ కలిసి ఊదుతాయి, అందుకే బలం హద్దు మీరే ప్రమాదం ఉంది. ఇందులో ఛాతీతో పనే లేదు. నోట్లో ఉన్న కాస్త గాలిని నాలుక వెనక భాగంతో పైకి నెట్టడమే.

ఎలా చేయాలంటే: బరువు ఎత్తబోయేటప్పుడు గొంతు బిగబట్టినట్టు బిగపట్టండి. ముక్కు మూయండి. ఇప్పుడు ‘క’ అనబోతున్నట్టు నాలుక వెనక భాగాన్ని పైకి నొక్కండి, కానీ శబ్దం బయటికి రానివ్వకండి. క, గ అక్షరాలకు నాలుక ఎక్కడ తగులుతుందో ఒకసారి పలికి చూసుకుంటే ఆ చోటు దొరుకుతుంది. సరిగ్గా చేస్తే ముక్కు కాస్త ఉబ్బుతుంది, అద్దంలో చూస్తే కంఠం ముడి పైకి కదులుతుంది, పొట్ట మాత్రం కదలదు. పొట్ట మీద ఒక చెయ్యి వేసుకుని చేయండి. చెయ్యి కదిలిందంటే మీరు చేస్తున్నది వల్సాల్వాయే. మొదటి రోజు ఎవరికీ రాదు. పట్టు దొరికిందంటే మాత్రం సెకనులో రెండుసార్లు కూడా చేయొచ్చు, అలసటే ఉండదు.

5. ఈ మూడూ కుదరనివాళ్ళకు ఇంకా దారులున్నాయి. ముక్కు మూసి మెల్లగా ఊదుతూనే గుటక వేయడం ఒకటి. కింది దవడను ముందుకు జరిపి ఊదడం ఇంకొకటి. దవడ కదలిక నాళాన్ని తెరిచే కండరాలకు సాయం చేస్తుంది. ఆవులింత మొదలయ్యే క్షణంలో అంగిలి వెనక భాగం సాగినట్టు అనిపిస్తుంది చూడండి, దాన్ని చేతులు వాడకుండా, నోరు తెరవకుండా తెప్పించుకోగలిగేవాళ్ళు కొందరుంటారు. ఫ్రాన్స్ నౌకాదళం డైవర్లకు ఆ విద్యను శిక్షణగా నేర్పింది. అందరికీ వచ్చేది కాదు గానీ, మీకు సహజంగా వస్తుందేమో చూసుకోవడంలో తప్పులేదు.

6. ఎప్పుడూ గట్టిగా ఊదకండి. ముఖం ఎర్రబడేలా, నరాలు ఉబ్బేలా ఊదేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది. కర్ణభేరి చిరిగితే బాధే, కానీ చాలామందిలో అది కొన్ని వారాల్లో తనంతట తానే మానుతుంది. అంతకన్నా లోపల, వినికిడినీ శరీరం తూకాన్నీ చూసుకునే లోచెవి ఉంది. దానికీ మధ్య చెవికీ మధ్య అడ్డు సన్నని పొర. బిగిసిపోయిన నాళం మీద బలంగా ఊదితే తలలో ఒత్తిడి పెరిగి ఆ పొర చినగవచ్చు. అప్పుడు చెవిలో హోరు, కళ్ళు తిరగడం, వినికిడి తగ్గడం మొదలవుతాయి. ఆ వినికిడి మళ్ళీ రాకపోవచ్చు కూడా. అయిదు సెకన్లకు మించి ఒక్కసారి ఊదొద్దు. తెరుచుకోలేదా, ఆపి, కాస్త పైకి వెళ్ళి, మళ్ళీ ప్రయత్నించండి.

7. జలుబు ఉంటే దిగొద్దు. రొంప, ముక్కు దిబ్బడ, గొంతు నొప్పి, సైనస్ పోటు, ఏదున్నా సరే. నాళం లోపలి పొరా ముక్కు లోపలి పొరా ఒకటే. ముక్కు వాస్తే నాళం కూడా వాస్తుంది. ‘కొంచెమే ఉంది’ అనే మాట ఇక్కడ చెల్లదు.

8. స్ప్రేలు, మాత్రలతో ముక్కు తెరుచుకున్నాక దిగుదాం అనుకుంటున్నారా? ఆగండి. ఆట్రివిన్, నాసివియాన్ లాంటి చుక్కలు పోసుకోగానే ముక్కు హాయిగా తెరుచుకుంటుంది, నిజమే. మందు ప్రభావం నీళ్ళ అడుగున ఉండగా తగ్గిపోతే నాళం మళ్ళీ మూసుకుంటుంది. అప్పుడు పైకి వచ్చేటప్పుడు లోపల వ్యాకోచించే గాలికి దారి ఉండదు. దిగేటప్పుడు ఇబ్బందయితే దిగడం మానేయొచ్చు, పైకి రావడం మానేయలేం కదా! ఈ చుక్కలను మూడు నాలుగు రోజులకు మించి వాడితే మానగానే ముక్కు ముందుకన్నా ఎక్కువగా దిబ్బడ వేస్తుంది. బీపీ ఉన్నవాళ్ళు ముక్కు దిబ్బడ మాత్రలు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. కొన్ని అలర్జీ మాత్రలు మత్తునిస్తాయి, అవి నీటి అడుగున ఇంకా ప్రమాదం.

ఏడాది పొడుగునా తుమ్ములూ ముక్కు కారడమూ ఉండే అలర్జీ మనుషులైతే దారి వేరు. డాక్టరు రాసే స్టెరాయిడ్ ముక్కు స్ప్రేలు ఆ పూట పనిచేసేవి కావు, రోజుల తరబడి వాడితేనే గుణం కనిపిస్తుంది. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే డాక్టరును కలవండి.

9. జలనేతి అలవాటున్నవాళ్ళకు అది మంచి సాయమే. గోరువెచ్చని ఉప్పునీటితో ముక్కు కడుక్కుంటే లోపలి చీమిడి పోతుంది. నీళ్ళు మాత్రం మరిగించి చల్లార్చినవే వాడాలి. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు నేరుగా ముక్కులోకి పోస్తే, అరుదుగానే అయినా, ప్రాణాంతకమైన అమీబా మెదడుకు చేరే ప్రమాదం ఉంది. కడిగాక ముక్కు గట్టిగా చీదకండి, ఒక్కో వైపు మెల్లగా వదలండి. ముందురోజు రాత్రి ఆవిరి పట్టుకోవడంలో తప్పులేదు. సిగరెట్ తాగేవాళ్ళు కనీసం ఆ కొన్ని రోజులైనా మానితే నాళానికి మేలు.

10. చెవిలో నూనె పోయకండి. మన ఇళ్ళల్లో చెవి పోటు అనగానే వెల్లుల్లి వేసి కాచిన కొబ్బరి నూనె తెస్తారు. అమ్మమ్మల ప్రేమ గొప్పదే, కానీ ఒత్తిడి వల్ల వచ్చే ఈ నొప్పి కర్ణభేరికి అవతల వైపుది. ఇటువైపు పోసిన నూనె అక్కడికి చేరదు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే మాత్రం చేరుతుంది, చేరకూడనిది చేరుతుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్ బడ్ వద్దే వద్దు. గులిమి గట్టిపడి చెవి పూర్తిగా మూసేసి ఉంటే ప్రయాణానికి వారం ముందు ఈఎన్‌టీ దగ్గర తీయించుకోండి, ముందురోజు కాదు. తీసిన చోట చర్మం గీరుకుని ఉంటే ఉప్పునీళ్ళల్లో మంట, ఆపైన చీము.

11. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని దిగొద్దు. ప్లగ్గుకీ కర్ణభేరికీ మధ్య గాలి చిక్కుకుపోతుంది, దానికి మీరు ఏ పద్ధతిలోనూ గాలి పంపలేరు. దూది కూడా వద్దు. తలకు బిగుతుగా వేసుకునే హుడ్ చెవులను మూసేస్తే దాని లోపలికి నీళ్ళు వెళ్ళనివ్వండి.

12. ఫారంలో నిజం రాయండి. డైవింగ్‌కు ముందు ఆరోగ్యం గురించి ఒక కాగితం నింపిస్తారు. చెవి, సైనస్ ప్రశ్నలు అందులో ఉంటాయి. ‘అవును’ అని రాస్తే దింపరేమోనని చాలామంది అన్నిటికీ ‘కాదు’ అని టిక్కులు పెట్టేస్తారు. మన పల్లెల్లో చిన్నప్పుడు చెవి కారినవాళ్ళు తక్కువేం కాదు. ఏళ్ళ తరబడి చెవి కారి, తర్వాత తగ్గిపోయిందనుకున్నవాళ్ళ కర్ణభేరికి చిల్లు మిగిలిపోయి ఉండొచ్చు, ఆ సంగతి వాళ్ళకే తెలియకపోవచ్చు. చిల్లు ఉన్న చెవిలోకి చల్లటి సముద్రపు నీళ్ళు వెళ్తే క్షణంలో లోకమంతా గిర్రున తిరుగుతుంది, ఏది పైనో ఏది కిందో తెలియదు. చెవికి ఆపరేషన్ అయినవాళ్ళు, కర్ణభేరికి అతుకు వేయించుకున్నవాళ్ళు, చెవిలో గొట్టం పెట్టించుకున్నవాళ్ళు డాక్టరు రాతపూర్వకంగా సరేనంటేనే దిగాలి. ఒక చెవి ముందే వినపడనివాళ్ళు రెండో చెవిని పణంగా పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

13. పిల్లల విషయంలో రెట్టింపు నిదానం. వాళ్ళ నాళాలు పొట్టిగా, సన్నగా, పెద్దవాళ్ళకన్నా అడ్డంగా ఉంటాయి, తేలిగ్గా మూసుకుపోతాయి. సముద్రంలో దింపడానికి పదేళ్ళు నిండాలి. నిండినా, ‘నాన్నా, నొప్పిగా ఉందా?’ అని అడిగితే సరదా పోతుందేమోనని లేదనేస్తారు. ఇంట్లో ముక్కు మూసి గుటక వేయించి, టిక్కుమందా అని అడగండి. తమ చెవి తెరుచుకున్న సంగతి చెప్పగలిగిన పిల్లలను మాత్రమే దింపండి.

14. విమానమే మీకు మొదటి పరీక్ష. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీవిజయపురంలో, విమానం దిగుతున్నప్పుడు మీ చెవులు ఎలా ఉన్నాయో గమనించండి. గుటకలతో తేలిగ్గా తెరుచుకుంటే మంచిదే. దిగిన గంటలకు కూడా దిబ్బడ వదలకపోతే మర్నాడు డైవ్ పెట్టుకోకండి. ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడే డైవ్‌ను ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరుపుకునే వీలు అడిగి పెట్టుకోండి.

15. మాస్క్‌లో ముక్కుకు మెత్తని అర ఉండాలి. బయటి నుంచి రెండు వేళ్ళతో ముక్కును పూర్తిగా మూయగలగాలి. ఒడ్డు మీదే వేసుకుని పట్టుకుని చూడండి. గ్లవ్స్ వేసుకుంటే వాటితో కూడా చూడండి. ఈత కొట్టే గాగుల్స్‌తో లోతుకు వెళ్ళకూడదు. అవి ముక్కును కప్పవు కాబట్టి లోపలికి గాలి పంపే దారి లేదు, కళ్ళను పీల్చేస్తాయి. మాస్క్ ముఖాన్ని నొక్కుతుంటే ముక్కులోంచి కాస్త గాలి వదిలితే చాలు.

16. కాళ్ళు కిందికి, తల పైకి. తలకిందులుగా దిగితే నాళం దగ్గర రక్తం చేరి వాపు పెరుగుతుంది, తెరవడం కష్టమవుతుంది. నిలువుగా దిగుతూ చూపు పైకి ఉంచితే మెడ సాగి నాళానికి వీలు దొరుకుతుంది. లంగరు తాడు ఉంటే పట్టుకుని దిగండి. తాడు చేతిలో ఉంటే వేగం మీది. ఎక్కడంటే అక్కడ ఆగొచ్చు, అర మీటరు పైకి రావచ్చు. పర్యాటకులను దింపేటప్పుడు ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి ట్యాంకు పట్టుకుని తీసుకెళ్తాడు, వేగం అతని చేతిలో ఉంటుంది. అందుకే తర్వాతి చిట్కా.

17. సంజ్ఞలు ఒడ్డు మీదే బాగా నేర్చుకోండి. అరచేతిని అడ్డంగా పెట్టి అటూ ఇటూ ఊపితే ‘ఏదో తేడాగా ఉంది’ అని. ఆ వెంటనే వేలితో చెవిని చూపిస్తే ‘చెవి’ అని. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూపిస్తే ‘బాగున్నాను’. ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా పొరపడేది బొటనవేలు పైకెత్తి చూపించడంలో. మనకది ‘సూపర్’. నీళ్ళల్లో దాని అర్థం ‘పైకి వెళ్దాం’. దిగేముందే ఇన్‌స్ట్రక్టర్‌తో స్పష్టంగా చెప్పండి: ‘చెవి దగ్గర వేలు పెడితే ఆగండి, నేను సున్నా చూపించేదాకా కిందికి వద్దు.’ తెలుగులోనో హిందీలోనో వచ్చిన భాషలో చెప్పండి, మొహమాటం వద్దు. మంచి ఇన్‌స్ట్రక్టర్ ఈ మాటకు సంతోషిస్తాడు. ‘ఏం కాదు సార్, అలవాటైపోతుంది’ అని కొట్టిపారేసేవాళ్ళ దగ్గర దిగకపోవడమే మంచిది.

18. తెరుచుకోకపోతే పైకి రండి. పూర్తిగా కాదు, అర మీటరు, మీటరు. నొప్పి తగ్గేదాకా. ఒత్తిడి తేడా తగ్గితే బిగిసిన నాళం సడలుతుంది. అక్కడ ఆగి, మెల్లగా మళ్ళీ చేసి, తెరుచుకున్నాకే కిందికి. రెండు మూడుసార్లు ఇలా చేసినా వినకపోతే ఆ రోజుకు చాలు. కట్టిన డబ్బు పోతే పోయింది. ఉన్నట్టుండి చెవిలో ఏదో తెగినట్టయి నొప్పి మాయమైందంటే సంతోషించకండి, కర్ణభేరి చిరిగి ఉండొచ్చు.

19. ఒక చెవే మొరాయిస్తే తలను రెండో వైపుకు వంచండి. ఎడమ చెవి తెరుచుకోకపోతే కుడి భుజం వైపు వంచి, ఎడమ చెవి పైకి ఉండేలా పెట్టి ప్రయత్నించాలి. చాలామందికి ఒక చెవి ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే తెరుచుకుంటుంది. ఆ మందకొడి చెవిని బట్టే మీ వేగం ఉండాలి.

20. కళ్ళు తిరిగితే కదలకండి. తాడో రాయో ఇన్‌స్ట్రక్టర్ చెయ్యో పట్టుకుని, ఊపిరి ఆపకుండా తీసుకుంటూ, ఒకే చోట చూపు నిలపండి. చాలాసార్లు నిమిషంలోపే తగ్గుతుంది. తగ్గాక మెల్లగా పైకి.

21. పైకి వచ్చేటప్పుడు ముక్కు పట్టుకుని ఊదొద్దు. లోపలి గాలి వ్యాకోచించి తనంతట తాను బయటికి పోతుంది. అప్పుడు ఊదితే ఉన్న గాలికి తోడు ఇంకా గాలి చేర్చినట్టవుతుంది. వచ్చేటప్పుడు చెవి ఉబ్బినట్టు నొప్పిగా ఉంటే కాస్త కిందికి దిగి, దవడ కదిపి, గుటకలు వేసి, నిదానంగా మళ్ళీ రండి. ఊపిరి మాత్రం ఏ క్షణంలోనూ బిగబట్టకూడదు. ఇది చెవుల కోసం చెప్పేది కాదు, ఊపిరితిత్తుల కోసం.

22. ఒడ్డుకు వచ్చాక. మాస్క్‌లో కాస్త రక్తపు చార కనిపిస్తే బెదిరిపోకండి, సైనస్‌లోనో మధ్య చెవిలోనో చిన్న రక్తనాళం చిట్లి ఉంటుంది. కానీ ఆ రోజు మళ్ళీ దిగొద్దు. చెవిలో నీళ్ళున్నట్టు, మాట దూరం నుంచి వినిపిస్తున్నట్టు ఉంటే అది బయటి నుంచి వెళ్ళిన నీరు కాకపోవచ్చు. ఒత్తిడికి మధ్య చెవి పొరలోంచి ఊరిన నీరు కావచ్చు. తల వంచి తట్టినా అది రాదు. చెవి పొడిగా ఉంచుకోండి, ముక్కు గట్టిగా చీదకండి, పూర్తిగా తగ్గేదాకా డైవ్ వద్దు. డాక్టరు చూడకుండా చెవిలో ఏ చుక్కలూ వేయకండి.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి: చెవిలోంచి రక్తం, వినికిడి తగ్గడం, ఆగని హోరు, తగ్గని తలతిరుగుడు, వాంతులు, మూతి ఒక వైపుకు లాగడం. డైవ్ చేసిన సంగతి, ఎంత లోతు, ఎంతసేపు అన్నది డాక్టరుకు చెప్పడం మరవకండి. లోచెవి దెబ్బకూ, రక్తంలో నైట్రోజన్ బుడగలు చేరడానికీ లక్షణాలు ఒకలాగే ఉంటాయి, చికిత్సలు వేరు. వెళ్ళేదాకా తల ఎత్తుగా పెట్టుకుని పడుకోబెట్టండి, బరువులు ఎత్తనివ్వొద్దు, ముక్కనివ్వొద్దు.

23. తిరుగు విమానానికి ముందు గడువు ఇవ్వండి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరుసగా రోజుల తరబడి చేస్తే 18 గంటలు ఆగాలన్నది డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ సూచన. అది నైట్రోజన్ కోసం పెట్టిన లెక్క. చెవికి దెబ్బ తగిలి ఉంటే ఈ గంటలు చాలవు, డాక్టరు చూసి సరేనన్నాకే విమానం ఎక్కాలి.

24. సీ వాక్‌కూ ఇవన్నీ వర్తిస్తాయి. నార్త్ బే లాంటి చోట్ల తలకు పెద్ద హెల్మెట్ పెట్టి సముద్రం అడుగున నడిపిస్తారు. తల తడవదు కాబట్టి చెవులకేం కాదనుకుంటారు. హెల్మెట్‌లో గాలి ఒత్తిడి చుట్టూ ఉన్న నీటి ఒత్తిడితో సమానంగానే పెరుగుతుంది. హెల్మెట్ కింద నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి ముక్కు పట్టుకోవచ్చు, మెట్లు దిగుతూ ప్రతి మెట్టుకూ గుటక వేయొచ్చు. పెద్దవాళ్ళను తీసుకెళ్తున్నప్పుడు ఇది తప్పకుండా ముందే చెప్పండి.

25. అన్నీ చేసినా చెవులు తెరుచుకోని మనుషులుంటారు. ముక్కు దూలం వంకర, ముక్కులో కండలు, ఎప్పటికీ తగ్గని అలర్జీ, పుట్టుకతోనే సన్నని నాళం, కారణం ఏదైనా కావచ్చు. కొన్నిటికి చికిత్స ఉంది, కొన్నిటికి లేదు. అలాంటివాళ్ళు స్నార్కెలింగ్ చేయొచ్చు. నీటి పైన తేలుతూ ముఖం మాత్రం ముంచి చూస్తే చెవుల మీద ఒత్తిడి పడదు. స్వరాజ్ ద్వీప్‌లోని ఎలిఫెంట్ బీచ్ దగ్గర పగడాలు తక్కువ లోతులోనే ఉంటాయి, లైఫ్ జాకెట్ వేసుకుని పైనుంచే చూడొచ్చు. ఉదయాన్నే, నీళ్ళు కలగకముందు వెళ్ళండి. పగడాల మీద మాత్రం కాలు పెట్టకండి.